సున్నపు తేట పడిన గుజ్జు

మా మేనత్త వడియాల షెడ్డు నరసరావుపేట దగ్గర మా ఊళ్లోనే ఉండేది. ఆరుగురు ఆడవాళ్లు బూడిద గుమ్మడికాయలు కోసి, కడుపులోని గుజ్జు తీసి గేదెలకు వేసేవాళ్లు. రానురాను వడియాలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఈ కాపు అయిపోగానే షెడ్డు మూసేస్తానని అత్త చెప్పేసింది. ఇక ఆ ఆరుగురికీ మిరప కోతలే దిక్కు.

నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను. ఆ చదివిన గర్వం నాకు కాస్త ఎక్కువే. గేదెలకు వేసే గుజ్జులోంచి పెక్టిన్ తీద్దామన్నాను. జామ్ గడ్డకట్టడానికి వేసే పదార్థం అది. గుజ్జులో నిమ్మరసం పోసి ఉడికించి, గుడ్డలో వడకట్టి, ఆ నీళ్లను స్పిరిట్‌లో పోస్తే తెల్లటి పోగులు తేలతాయి; వాటిని ఆరబెట్టి దంచితే పెక్టిన్ పొడి. రెండుసార్లు తేలాయి కూడా. గుంటూరులో జామ్ చేసే ఒకాయన, శనివారానికల్లా ఒక సీసాడు పొడి తెచ్చి చూపిస్తే ఏడాది పొడుగునా కొంటానన్నాడు. షెడ్డు నిలబడుతుందని నేను నిజంగానే నమ్మాను.

"గుజ్జులోంచి అదెట్టా వస్తదే?" అని అడిగింది అత్త.

"నీకర్థం కాదులే అత్తా. నేనొచ్చేదాకా గుజ్జు జాగ్రత్తగా ఉంచు, చాలు" అన్నాను.

స్పిరిట్ కొనడానికి గురువారం గుంటూరు వెళ్లి మర్నాడు వచ్చాను. గుజ్జు ఉడికించి, వడకట్టి పోశాను. ఒక్క పోగూ తేలలేదు. ఇంకాస్త నిమ్మరసం పోసి మళ్లీ ఉడికించాను. తెచ్చిన స్పిరిట్ అంతా అయిపోయింది. గిన్నెలో మిగిలింది వట్టి కుడితి.

"ఏం కలిపావత్తా ఇందులో?"

"నువ్వే గదే జాగర్తగా ఉంచమంది! మెత్తబడకుండా సున్నపు తేట పోశా. గుమ్మడికాయ మిఠాయి ముక్కలకు పోయమా ఏంది? చానా బాగా నిలిచింది చూడు."

మిఠాయి ముక్కను గట్టిగా నిలబెట్టే ఆ సున్నమే పెక్టిన్‌ను గుజ్జులో బిగించేసింది. నా నిమ్మరసానికి అది ఇక ఊడిరాదు. ఆ కాపులో అవే చివరి కాయలు. నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ "అంతా నాశనం చేశావు గదా!" అని అరిచేశాను.

అత్త కొంగుతో చేతులు తుడుచుకుని ఆడవాళ్ల వైపు తిరిగింది.

"దాని తప్పేం లేదమ్మా. అది చదువుకున్న పిల్ల, బాగానే చేసింది. తెలివితక్కువదాన్ని నేనే చెడగొట్టా. మీరిక కోతలకు మాట్లాడుకోండి" అంది.

ఎందుకు, ఎలా అని నేను ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె సున్నం ముట్టేదే కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆరుగురూ అత్త వంకే చూస్తున్నారు. నేను తల వంచుకుని గిన్నె తోముతూ ఉండిపోయాను.