ఎడమ పక్క కాజాలు

ఆ బట్టల కర్మాగారంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవారు లేరు. ఇరవై ఆరేళ్ళపాటు యూనిఫారం చొక్కాలకు కాజాలు తీసిన మనిషి కనుక, సూపర్‌వైజరు మొదలుకొని రైల్లో పక్క సీటావిడ వరకూ అందరికీ ఆమె కాజాలక్కే. మగవారి చొక్కాకు కాజాలు ఎడమ పక్కనా, ఆడవారి దుస్తులకు కుడి పక్కనా ఉంటాయన్న సంగతి మనలో చాలామందిమి గమనించి ఉండము. ఎందుకలా అని చేరిన కొత్తలో ఆమె అడిగితే, సూపర్‌వైజరు చాలాసేపు ఆలోచించి, ముందు చేతిలో పని చూడమన్నాడట. కారణం తెలియకపోయినా, ఆ ఎడమ పక్క ఆమె వేళ్ళకు పట్టుబడిపోయింది.

ఇంటికీ కర్మాగారానికీ మధ్య అరగంట బస్సు, గంటన్నర రైలు. తెల్లవారుజామున ఐదుకు గడప దాటితే, తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటేది. భర్త బస్సు డ్రైవరు. వారంలో సగం రోజులు ఊళ్ళమీదే ఉండేవాడు. ఇల్లు అత్తగారి చేతుల మీదుగా నడిచేది. ఏడేళ్ళ కూతురిని ఆమె నిద్రలో చూసి వెళ్ళేది, నిద్రలో చూడటానికే తిరిగి వచ్చేది. మిగిలిన ఒక్క ఆదివారమూ వారం పొడుగునా పేరుకున్న ఉతుకులకే చాలేది కాదు.

అటువంటి ఒక ఆదివారంనాడు జడ వేస్తానని పిలిస్తే, పిల్ల దువ్వెన పట్టుకుని తిన్నగా నాయనమ్మ దగ్గరకు పోయింది.

"నువ్వు వేస్తే వదులైపోతుందమ్మా" అన్నది, కోపమేమీ లేకుండా.

ఆ కోపం లేకపోవడమే తల్లి గుండెలో ముల్లై కూర్చుంది. తాను లేకపోయినా పిల్లకు ఏ లోటూ లేదన్న ఊహ ఆమెను వదలలేదు. అందుకే బడి వార్షికోత్సవానికి ముందువైపు గుండీలుండే కొత్త గౌను తన చేతులతోనే కుట్టాలని పంతం పట్టింది. ఆ రోజు సెలవు దొరకదు. తాను వెళ్ళలేకపోయినా తన కుట్టయినా వెళ్ళాలి.

పెద్ద కుట్లన్నీ ఇంట్లో మిషను మీద ముగించి, కాజాలూ గుండీలూ రైలుకు మిగుల్చుకుంది. ఆ రైల్లోని ఆడవాళ్ళ పెట్టె సంగతి కొంత చెప్పుకోవాలి. అది రైలుపెట్టె కాదు, నలభై ఇళ్ళ ఉమ్మడి వసారా. ఒకామె చిక్కుళ్ళు వలిచేది. ఒకామె పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేది. మరొకామె నిలబడే కునుకు తీసి, దిగవలసిన స్టేషను రాగానే తడుముకోకుండా కళ్ళు తెరిచేది. పొద్దంతా చేసేది చాలక ఇక్కడా కాజాలేనా అని చిక్కుళ్ళావిడ ఎకసెక్కమాడింది. మూడు రోజుల ప్రయాణంలో, కునికిపాట్ల మధ్య, ఆరు కాజాలు పూర్తయ్యాయి. రైలు కుదుపులకు ఒక్కొక్కటి ఒక్కో కొలతకు వచ్చింది. ఆరూ ఎడమ పక్కనే వచ్చాయి. ఆమె మాత్రం గమనించలేదు.

వార్షికోత్సవంనాడు ఇల్లు చేరేసరికి పిల్ల గౌనుతోనే కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. అత్తగారు గుమ్మంలోనే అందుకుంది. ఆ గుండీలు పెట్టేసరికి తన తలప్రాణం తోకకు వచ్చిందట. తీరా విప్పబోతే మనవరాలు దగ్గరకే రానివ్వడం లేదట.

"ఆడపిల్లకు మగపిల్లాడి చొక్కా కుట్టిపెట్టావు కదమ్మా" అని ముగించింది.

కాజాలక్క గౌను చూసుకుంది. వేల చొక్కాలను తప్పులేకుండా దాటించిన చేయి సొంత బిడ్డ దగ్గరే తడబడింది.

"ఎవరైనా నవ్వారా తల్లీ?"

"నవ్వారు. మా అమ్మ రైల్లో కుట్టిందని చెప్పాను."

"ఆదివారం సరిచేస్తాలే."

"వద్దు. ఇవి నాకు రావు, నాయనమ్మకూ రావు. నువ్వే పెట్టాలి. వెళ్ళేముందు నన్ను లేపు."

ఆ బడిలో పిల్లలకు యూనిఫారం లేదు. వారానికి రెండు మూడుసార్లు ఆ గౌనే కావాలని పిల్ల ముందురోజే చెప్పి, సాయంత్రమే స్నానం ముగించేది. తెల్లవారుజామున నాలుగున్నరకు కళ్ళు నులుముకుంటూ తల్లి ముందు నిలబడేది. మూడో కాజా మరీ బిగువు. అక్కడికి వచ్చేసరికి పని ఆగేది, కబుర్లు మొదలయ్యేవి. ఎవరు పలక పగలగొట్టారు, ఎవరు ఎవరితో పచ్చి అని జట్టు వదిలారు, అన్నీ ఆ మూడో గుండీ దగ్గరే తెలిసేవి. తరువాత పిల్ల గౌనుతోనే మళ్ళీ పడుకునేది. నలిగిపోతుందని అత్తగారు గొణిగేది. కాజాలక్క బస్సుకోసం పరుగు తీసేది. గౌను మోకాళ్ళ పైకి పోయి పొట్టిదయ్యేదాకా, రెండేళ్ళు ఇదే వరస.

ఇప్పుడామె ఉద్యోగ విరమణ చేసింది. కూతురు ఆస్పత్రిలో నర్సు; ఆమెకూ రెండు గంటల ప్రయాణమే. మొన్న పాత పెట్టె సర్దుతుంటే గౌను బయటపడింది. కూతురు మూడో కాజాలో వేలు దూర్చి చూసింది.

"అమ్మా, ఒకటి చెబుతాను, తిట్టకు. ఈ గుండీలు పెట్టుకోవడం నాకు రెండో రోజుకే వచ్చేసింది."

కాజాలక్క గౌను అందుకుని ఒళ్ళో పరుచుకుంది.

"ఆ కాజాల పట్టీ మార్చి కుట్టడానికి రెండేళ్ళలో నాకు ఒక్క అరగంట దొరకలేదనుకున్నావటే?"

అని, ఆరు గుండీలూ ఒక్కొక్కటే పెట్టి, గౌనును మడిచి మళ్ళీ పెట్టెలో ఉంచింది.