పచ్చచుక్కల క్లాసు

"నా కూతురికి చూపు పోతుంటే మీరేం చూస్తున్నారు టీచర్?"

కంటి ఆసుపత్రి వరండాలో, బట్టలు కుట్టి బతికే ఒకావిడ లెక్కల టీచర్‌ని అడిగిన ప్రశ్న ఇది. జవాబు టీచర్‌కి తెలుసు. ఇన్నాళ్ళూ తను ట్యాబ్ చూస్తోంది.

గురువు దైవమనీ, యంత్రం భూతమనీ పాడే పాటలు ఇక్కడ పనికిరావు. ఈవిడ మంచి టీచరే. పిల్లలు చాటుగా డేగ అనేవారు. బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగితే చాలు, ఎవరు కళ్ళు చికిలించారో, ఎవరు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూశారో ఇట్టే పట్టేసేది. అలా చాలామందికి కళ్ళజోళ్ళు పెట్టించింది. "అద్దాల కొట్టువాడు మీకు కమీషన్ ఏమైనా ఇస్తున్నాడా?" అని డ్రిల్లు మాస్టారు ఏడిపించేవాడు.

తర్వాత ట్యాబులొచ్చాయి. పిల్లకొకటి, ఆవిడకొకటి. ప్రశ్న పిల్లల తెరల మీదికి వెళ్తుంది. జవాబు సరైతే ఆవిడ తెర మీద ఆ పేరు పక్కన పచ్చచుక్క, తప్పయితే ఎర్రచుక్క. ఆవిడకి అది నిజంగానే నచ్చింది. ఏనాడూ నోరెత్తని పిల్లలు కూడా జవాబులు చెబుతుంటే ఎవరికి నచ్చదు? ఎర్రచుక్క కనిపిస్తే ఆ బెంచీ దగ్గరికి పరుగు. పచ్చచుక్క జోలికి పోనక్కర్లేదు.

దర్జీ కూతురిది ఎప్పుడూ పచ్చచుక్కే. కాకపోతే అందరికంటే ఆలస్యంగా పడేది. "నిదానమే ప్రధానం. దీన్ని చూసి నేర్చుకోండ్రా," అని ఆవిడ అందరిముందూ మెచ్చుకుంది కూడా. ఆ పిల్ల రెండు వేళ్ళతో తెరని సాగదీసి, ఒక్కో మాటనీ అరచెయ్యంత చేసుకుని చదువుతోందని మాత్రం చూడలేదు.

ఒకరోజు కరెంటు లేక ట్యాబులు చార్జి కాలేదు. ఆవిడ చాన్నాళ్ళకి సుద్దముక్క పట్టి, లెక్క రాసి, దర్జీ కూతుర్ని లేపింది.

"చదువమ్మా."

పిల్ల లేచి బెంచీ అంచు పట్టుకుంది.

"దానికి ట్యాబుంటేనే నోరొస్తుంది మేడమ్," అన్నారెవరో వెనక బెంచీలోంచి. క్లాసు గొల్లుమంది.

"బోర్డు చదవడానిక్కూడా బద్ధకమేనా?"

"ఎక్కడ రాశారు మేడమ్? ఏ పక్క?"

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ బెంచీ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"ట్యాబు చూస్తే కళ్ళు పోతాయంటారుగా. చెప్తే లాగేసుకుంటారని... అది లేకపోతే నేనేం చదవలేను మేడమ్."

కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నాడు డాక్టర్. దానికీ ట్యాబుకీ సంబంధం లేదట. ఏడాది ముందు తెచ్చుంటే చాలా చూపు మిగిలేదట. పోయింది తిరిగిరాదు, ఉన్న కాస్త నిలబెట్టడానికి ఆపరేషన్ చెయ్యాలి.

దర్జీ ఆవిడ ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. అడిగి, గోడవారగా కూలబడిపోయింది. "సూదిలో దారం ఎక్కించవే అంటే నావల్ల కాదనేది. పనిదొంగ అని వీపు మీద ఒకటిచ్చాను టీచర్. ఒకటి కాదు, చాలాసార్లు."

ఖర్చు తను పెట్టుకుంటానంది టీచర్.

"డబ్బు కట్టేసి చేతులు దులిపేసుకుందామనా? అప్పుగా ఇవ్వండి. తీరుస్తాను."

కుడికన్ను దక్కలేదు. ఎడమకంటికి వెలుతురూ, ఎదుటి మనిషి ఆకారమూ తెలుస్తాయి. పిల్లని చూపులేని పిల్లల బడికి మార్చారు. ఇక్కడ ట్యాబులు మామూలుగానే నడుస్తున్నాయి. టీచర్ ఇప్పుడు పచ్చచుక్కల దగ్గరికే ముందు వెళ్తుంది. వెళ్ళి, ఏమడగాలో తెలియక కాసేపు నిలబడుతుంది.

దర్జీ ఆవిడ నెలనెలా వచ్చి, స్టాఫ్‌రూమ్ బల్ల మీద డబ్బు పెట్టి వెళ్ళిపోతుంది. వద్దనే ధైర్యం టీచర్‌కి లేదు. ఇంకా పద్దెనిమిది వేలు రావాలి.