హనుమండ్లుకు తిరిగొచ్చిన బలం

సిరిసిల్లల సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడిపేటోళ్లకు దగ్గు కొత్త కాదు. దినమంతా నూలు దుమ్ము మింగితే దగ్గు రాక ఏమొస్తది అనుకుంటరు. హనుమండ్లు కూడా ఎనిమిది నెలలు గట్లనే అనుకున్నడు. ఒకనాడు నడుస్తున్న సాంచె పక్కనే కూలబడ్డడు.

కరీంనగర్ దవాఖానల టీబీ అన్నరు. రక్తం చూసి హెచ్‌ఐవీ కూడా ఉన్నదన్నరు. మహారాష్ట్రల భీవండికి మగ్గాల పనికి పోయిన నాటిదని ఆయనే ఒప్పుకున్నడు, భార్య వనజ మొఖం చూడకుండ. ఆమె రక్తంల కూడా అదే వచ్చింది.

"మెల్లగ నడిచే రోగం, టీబీ తోడైనంక ఉరికింది" అని దవాఖానల కౌన్సిలర్ పద్మలత చెప్పింది. టీబీతోని ఒళ్లు కొట్లాడుతుంటే ఆ కొట్లాటలనే హెచ్‌ఐవీ పెరుగుతదట. ఒంటికి కొట్లాడే బలమిచ్చే సీడీ-4 కణాలు, ఐదువందలకు పైన ఉండాల్సినయి, ఆయనకు ముప్పై ఒకటే ఉన్నయి.

ముందుగాల టీబీ గోలీలు, మూడు వారాలకు హెచ్‌ఐవీ గోలీలు. అన్నం తినబట్టిండు. నెల తిరగంగనే మళ్ల జరం, మెడ మీద నిమ్మకాయలంత గడ్డలు.

"గీ గోలీలే నన్ను తింటున్నయ్ వనజా. ఇడిసిపెడ్త."

వనజ ఆయనను పద్మలత దగ్గరికి పట్టుకపోయింది.

"గోలీలు పనిచేస్తున్నయ్ అన్నా" అన్నది పద్మలత. "ఒంట్ల పడిపోయిన బలం మళ్ల లేసింది. ఇన్నొద్దులు దానికి కనవడని టీబీ మీద ఒక్కపారే ఎగబడ్డది. గందుకే ఈ వాపు."

"బలమొస్తే పానం బాగుండాలె గదా మేడమ్?"

పద్మలత, "ఓపిక పట్టాలె" అన్నది. డాక్టర్ వాపుకు మందు రాసిండు.

ఇంటికొచ్చినంక కూడా ఆయన గోలీ చేతుల పట్టుకొని కూసుండేటోడు. "నాకోసం మింగు" అనేది వనజ. మింగేటోడు. ఒక్కదినం తప్పలే.

తర్వాత తలనొప్పి మొదలైంది. మెదడుల ఉన్న టీబీ మీద గూడ ఆ బలం ఎగబడి వాపొచ్చిందన్నరు. నాలుగో నాటికి వనజను గుర్తుపట్టలే. పదకొండో నాడు పోయిండు.

"నేను బలవంతం చేయకపోతే బతికేటోడా?" వనజ అడిగింది.

"లేదక్కా. గోలీలు ఆపితే రోగాలే తీస్కపోతుండె" అన్నది పద్మలత.

వనజ ఇప్పుడు బీడీలు చుట్టుకుంట బతుకుతున్నది, తన గోలీలు తను మింగుతున్నది. మొన్న దవాఖానల ఆమె సీడీ-4 పెరిగింది, బలమొస్తున్నదని చెప్పిన్రు. అక్కడున్నోళ్లు సంబురపడ్డరు. వనజకు భయమైంది.