ఆయ్ అంటే చాలదు

మొన్న రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్తూ విమానంలో కిటికీ పక్కన కూర్చున్నాను. మబ్బులు దాటి పైకొచ్చిన కాసేపటికి మాకు ఎదురుగా, కాస్త కిందుగా, ఇంకో విమానం రివ్వున వచ్చి మా కిందనుంచి వెళ్ళిపోయింది. దాని తోక మీద రంగు కూడా కనబడింది. నా పక్కనున్న మండపేట రైసుమిల్లు ఆసామి సీటు చెయ్యి గట్టిగా పట్టేసుకుని, "అమ్మగారండీ, ఇదేటండీ, గుద్దేసుకునేవాళ్ళమేనా?" అన్నారు. "అబ్బే, మధ్యలో వెయ్యి అడుగులుందండీ. కావాలనే అంత ఎడం ఉంచుతారు" అన్నాను, ఆ వెయ్యి అడుగులూ నేనే టేపు పెట్టి కొలిచినంత ధీమాగా. నాకైతే చప్పట్లు కొట్టాలన్నంత సంబరంగా ఉంది. ఆయన నన్ను అనుమానంగా చూసి కళ్ళు మూసుకున్నారు. ఆ ఎడం కోసం ఒక వేసవంతా మా ఇంటిల్లిపాదీ మేడ మీద తిరిగామని ఆయనకేం తెలుసు!

మా తమ్ముడు దోహాలో ఉంటాడు. మా దగ్గరే పెరిగిన వాడి కూతురు, అంటే నా మేనకోడలు, విమానాలకి నేల మీద నుంచి దారి చెప్పే ఉద్యోగానికి ఎంపికైంది. అంత వేగంలో ఎదురుగా ఏమొస్తోందో పైలట్ చూసి తప్పుకునే వ్యవధి ఉండదట. కింద తెర ముందు కూర్చున్న మనిషి ఒకరిని ఇంత ఎత్తుకి దిగమనీ, ఇంకొకరిని అటు తిరగమనీ ముందే చెబుతుంటేనే క్షేమం. ఉద్యోగం వచ్చిందని మేము చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేయించి, ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి వీధంతా పంచేశాం కూడా. తీరా శిక్షణ చివర పెట్టే పరీక్షలో పిల్ల తప్పింది. ఇంకొక్క అవకాశం ఇస్తారు, అదీ పోతే ఇంటికి పంపించేస్తారు. ఆ మధ్యలో దొరికిన సెలవుల్లో అమలాపురం దగ్గర మా ఇంటికి వచ్చి, నేను మామిడి రసాలు తెచ్చి పెట్టినా ముట్టుకోకుండా కూర్చుంది.

ఎలా తప్పావే అని అడిగితే మెల్లగా చెప్పింది. "పరీక్షలో పక్క గదిలో కూర్చుని పైలట్‌లాగా మాట్లాడేది మా పెద్దసారు, అత్తా. రెండు విమానాలు ఒకే ఎత్తులో ఎదురెదురుగా వస్తన్నాయి. ఒకదాన్ని దిగమన్నాను. ఎంతకి దిగాలో ఆయన తిరిగి నాకు అప్పజెప్పాలి. ఆయన ఊరికే సరే అన్నారు. అప్పజెప్పమని నేను అడగాలి. అంత పెద్దాయన్ని ఎలా అడగను?" ఆయన దిగలేదు. తెర మీద ఆ రెండు విమానాల చుక్కలూ కలిసిపోయాయి.

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఎందుకంటే ఈ రోగం ఎక్కడిదో నాకు తెలుసు. మా వైపు 'ఆయ్' అంటే మాట పూర్తయినట్టే. అర్థమైనా ఆయ్, అర్థం కాకపోయినా ఆయ్, చేస్తామన్నా ఆయ్, చెయ్యబోం గానీ మీ మాట కాదనలేం అన్నా ఆయ్. పెద్దవాళ్ళు ఆయ్ అన్నాక, ఏదీ, నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి అని నిలదీసే పిల్లని మేము ఎవరమూ పెంచలేదు. ఇంతా చేసి, మా పెంపకమే ఆ పిల్లని పరీక్షలో తప్పించింది.

ఉపాయం మా ఆయనది. ఎండ తగ్గాక మేడ మీద సుద్దముక్కతో రెండు గీతలు గీశారు. ఒకటి వాటర్ ట్యాంకు నుంచి, ఒకటి మెట్ల దగ్గర నుంచి. రెండూ నడిమధ్యన కలుస్తాయి. మా ఆయన ఒక విమానం, మాతోనే ఉండే మా అమ్మ ఇంకో విమానం. ఇద్దరి మెడల్లోనూ పలకలు, వాటి మీద వాళ్ళు ఎన్ని వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్నారో ఆ అంకె. పిల్ల కుర్చీలో కూర్చుని ఆజ్ఞ ఇస్తే, విన్నవాళ్ళు దాన్ని తిరిగి చెప్పి, పలక తుడిచి, కొత్త అంకె వేసుకోవాలి. పక్క మేడ మీద మిరపకాయలు ఎండబెడుతున్న ఆవిడ కాసేపు చూసి, "ఏటండీ, ప్రార్థన కూటమా?" అని అడిగింది. "లేదండీ, విమానాలండీ" అన్నాను. "ఆయ్" అంది. ఇదిగో, ఇదే నేను చెప్పేది.

మొదటిరోజే ప్రమాదం జరిగింది. మా ఆయనని ముప్ఫై వేలకి దిగమంటే ఆయ్ అన్నారు గానీ పలక తుడవలేదు. ఇద్దరూ ఒకే అంకెతో గీతలు కలిసేచోటికి వచ్చి ఆగిపోయారు. "మీరెళ్ళండి అత్తయ్యగారూ" అన్నారాయన. "అబ్బెబ్బే, ముందు మీరెళ్ళండి అల్లుడుగారూ" అంది మా అమ్మ. "ఆకాశంలో విమానం ఆగదు మావయ్యా! ఈపాటికి రెండూ పోయాయి" అని పిల్ల తల పట్టుకుంది. చచ్చిపోయిన ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుంటూనే ఉన్నారు.

రోజులు గడిచే కొద్దీ మా ఆయన దారికొచ్చారు. మా అమ్మ మాత్రం రాలేదు. ఏం చెప్పినా ఆయ్. ఒకరోజు పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. "నాయనమ్మా, ఆయ్ కాదు. నేనేం చెప్పేనో చెప్పండి." మా అమ్మని మా ఇంట్లో అలా ఎవరూ అడిగి ఎరగరు. నేను తిట్లకి సిద్ధపడ్డాను. అమ్మ పలక వంక చూసింది, పిల్ల వంక చూసింది. "ఇరవై తొమ్మిది వేలకి దిగమన్నావు. దిగుతన్నాను" అంది. తర్వాత మెట్ల మీద కూలబడి పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "మా నాన్న కామందుగారి దగ్గర పాలేరు. ఆయన ఏటన్నా ఆయ్ అనడమే. అర్థం కాక మళ్ళీ అడిగితే పొగరనేవోరు. అదే మాకూ నేర్పేడు, నేను మీకు నేర్పేను. నువ్వు అడుగు తల్లీ. ఎంతటోరైనా సరే, అడుగు." నాకు కళ్ళు చెమర్చాయి. మా తాత గురించి అమ్మ ఆ మాట చెప్పడం అదే మొదలు.

పరీక్షనాడు మధ్యాహ్నం ఫోన్ మోగితే ముగ్గురం ఒకేసారి చెయ్యి పెట్టాం. మళ్ళీ ఆ పెద్దసారే. మళ్ళీ రెండు చుక్కలు ఎదురెదురుగా. దిగమంటే సరే అన్నారట. ఏమన్నానో చెప్పండి సార్ అందట. విసుగ్గా సరే అన్నారట. చుక్కలు దగ్గరవుతున్నాయి. మళ్ళీ అడిగిందట! అప్పుడు చెప్పారాయన, తప్పు అంకె, సరిగ్గా కింద ఇంకో విమానం వెళ్తున్న ఎత్తు. కాదు సార్ అని సరిదిద్ది, సరైన అంకె ఆయన చేతే చెప్పించిందట. వెయ్యి అడుగుల ఎడంతో చుక్కలు ఒకదాని మీదుగా ఒకటి దాటిపోయాయి. "పాసయ్యాను నాయనమ్మా!" అని అరిచింది. "ఏదీ, మళ్ళీ చెప్పు" అంది మా అమ్మ, నవ్వుతూ, ఏడుస్తూ.

నేనేమన్నానో మళ్ళీ చెప్పండి అనడానికి రెండు క్షణాలు చాలు. మా ఇంట్లో ఆ రెండు క్షణాలు రావడానికి నాలుగు తరాలు పట్టింది.