మా తోడికోడలి గాలి గొట్టాలు

మా తోడికోడలు కూడా నాలాగే ఐదో తరగతితో బడి మానేసింది. నా ఒళ్లుమంటంతా అందుకే. పెద్ద చదువులు చదివిందైతే, మన నుదుట లేదులే అని సరిపెట్టుకునేదాన్ని. పాత రికార్డుల గదిలో దుమ్ము దులిపే పనికి చేరి, అక్కడ నిప్పార్పే గొట్టాలు బిగించేవాళ్ల వెనకాల నిచ్చెన పట్టుకుని తిరిగి తిరిగి, పదకొండేళ్లలో ఆ గొట్టాలకే పెద్దదిక్కయి కూర్చుంది. ఇంట్లో కుళాయి కారినా మా అత్తగారు "చిన్నదాన్ని పిలవండి" అంటుంది. పెద్ద కోడలిని నేనున్నాను, బకెట్టు పట్టుకోవడానికి!

ఆ గదిలో నూరేళ్లనాటి జనన రిజిస్టర్లు, పొలాల పటాలు ఉన్నాయి. అన్నీ సిరా రాతలే. నిప్పంటుకుంటే బూడిద, నీళ్లు పడితే మరక. అందుకని పైకప్పు కింది గొట్టాల్లో నీళ్లుంచరు, గాలి నింపుతారు. పొగను పసిగట్టే యంత్రం చెబితేనే వాల్వు తెరుచుకుని నీళ్లు గొట్టాల్లోకి వస్తాయి. వేడికి గొట్టం చివరి గాజు బుడ్డి కూడా పగిలితేనే కిందికి కురుస్తాయి. గాలి తగ్గిందేమోనని రోజూ పొద్దున్నే మీటరు ముల్లు చూడటం మా తోడికోడలి పని.

కొత్తగా వచ్చిన అధికారికి ఇది నచ్చలేదట. "ఇంత తతంగం దేనికి? మామూలు నీళ్ల గొట్టాలు వేయిద్దాం" అన్నాడట. అదే జరిగితే ఆమె పెత్తనానికి నూకలు చెల్లినట్టే. ఆయన చూడటానికి వచ్చే రోజున, ఆమె మరిచిపోయిన భోజనం డబ్బా ఇచ్చి రమ్మని అత్తగారు నన్ను పంపింది. నిజం చెప్పొద్దూ, దారిలో నా అడుగులు తేలిగ్గానే పడ్డాయి.

నేను వెళ్లేసరికి ఆమె అధికారిని తీసుకురావడానికి గేటు దాకా వెళ్లింది. గదిలో నిచ్చెన, నేను. చూడనిదే ఊరుకునే కళ్లు కావు నావి. రెండు మెట్లెక్కాను. గొట్టం చివర చిక్కుడు గింజంత గాజు బుడ్డి, లోపల ఎర్రటి ద్రవం. చేతిలో ఉన్న గొడుగు మొనతో అలా తాకానంతే.

ఠప్! బుస్సుమని హోరు, వెంటనే గంట మోత. అయిపోయింది, నూరేళ్ల కాగితాలూ నా మూలానే తడిసిపోయాయనుకుని, దూకి కొంగు పరిచి రిజిస్టర్ల మీద బోర్లా పడ్డాను. వీపు తడవలేదు.

ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. అధికారి పైకి చూసి, "ఒక్క చుక్కా పడలేదేం?" అన్నాడు.

"పొగ లేదు కదండీ! బుడ్డి పగిలి గాలే పోయింది. నీళ్లు వాల్వు అవతలే ఉన్నాయి. మీరన్న గొట్టాలైతే ఈపాటికి ఈ కాగితాలను పిండి ఆరేసుకునేవాళ్లం."

"ఎవరు పగలగొట్టారు?"

ఆమె నా గొడుగు వంక చూసింది. "మా అక్కండి. చెబితే నమ్మదు, పొడిచి చూస్తుంది."

ఆయన నవ్వాడు. గొట్టాలు నిలబడ్డాయి, వాటితో పాటు ఆమె కూడా. ఇంట్లో మళ్లీ చిన్నదాని భజన. నేను పొడవకపోతే ఎవరికి తెలిసేదట? ఆ మాట ఒక్కరూ అనరు.

"అక్కా, పక్క గదిలోనూ ఇవే బిగిస్తున్నారు. గొడుగు తెస్తావా?" అంది నిన్న.

తీరిక లేదన్నాను. ఏ రోజో మాత్రం రెండుసార్లు అడిగాను.