ఎక్స్‌ప్రెస్ తలుపేసుకుంది

ఆ వీధిలో గడ్డం పెరిగిన ప్రతివాడికీ సెలూన్ బాబాయ్ తెలుసు. ఆయన చేతిలో కత్తెర ఎంత ఆడుతుందో, నోరు అంతకు రెట్టింపు ఆడుతుంది. గొంతు దగ్గర కత్తి పెట్టి మాట్లాడేవాడికి ఎవరు మాత్రం ఎదురు చెబుతారు? కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా బుద్ధిగా ఊఁ కొట్టేవారు.

అలాంటి నోరు ఆ రోజు మధ్యాహ్నం మూతపడింది. అద్దం పక్కన అక్వేరియంలో ఉన్న నత్తే దానికి కారణం. నిమ్మకాయంత ఉంటుంది, నిమ్మపండు రంగే. దానికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టింది ఆయన భార్య. అందులో చేపలు ఆయనవి, నత్త ఆవిడది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా గాజుకు మొహం ఆనించి, ఇంటి కబుర్లన్నీ ముందు దానికే చెప్పేది. ఈయన వంతు ఆ తరవాతే.

చెల్లెలు ప్రసవించిందని ఆవిడ ఊరెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "నేనొచ్చేసరికి దాని మీసం కూడా వంకర పోకూడదు" అంది.

"మీసాల సంగతి నాకా చెప్తున్నావ్?" అని ఈయన నవ్వి పంపించాడు.

ఇప్పుడా నత్త మీసాలు లోపలికి లాక్కుని, గుల్లకున్న మూత బిగించుకుని, గులకరాళ్ళ మధ్య పడుంది. రెండు రోజులుగా కదలిక లేదు. ఫోను చేసినప్పుడల్లా ఆవిడ "ఎలా ఉంది?" అంటుంది, ఈయన "పరుగులు పెడుతోంది" అంటాడు. ఆవిడ దిగేది ఈ సాయంత్రమే. దానికేమన్నా అయితే ఆ మొహంలోకి ఎలా చూడాలో ఆయనకు పాలుపోలేదు.

చేపల దుకాణం అతనికి ఫోను చేశాడు.

"కదలకపోతే చచ్చినట్టు కాదు బాబాయ్. నిద్రపోతుండొచ్చు, చలి తగిలుండొచ్చు, నీళ్ళు పడకపోయుండొచ్చు. మూత బిగుసుకునుంటే బతికున్నట్టే అనుకో. వేలాడిపోతేనే భయం. అయినా ఒకసారి వాసన చూడు. చచ్చిన నత్త కంపు పక్క వీధి దాకా కొడుతుంది. ఇంతకీ నీళ్ళలో ఏమన్నా వేశావా?"

"ఏమీ వెయ్యలేదే. నీళ్ళు చూస్తే తళతళలాడుతున్నాయి!"

వాసన చూడమంటే బాబాయ్ ఎలా చూస్తాడు? ఏళ్ళ కిందట వచ్చిన విషజ్వరం వాసన తెలియకుండా చేసిపోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఆవిడ ఏం వండినా ముందు "వాసనెలా ఉంది?" అని అడిగే మనిషి. ఆవిడ మొహం చిన్నబోవడం ఇష్టం లేక ఇన్నేళ్ళూ ఘుమఘుమలాడుతోందనే చెప్తూ వచ్చాడు.

అందుకని నత్తను అరచేతిలో పెట్టుకుని కుర్చీలో ఉన్న కండక్టరు ముక్కు దగ్గర పెట్టాడు. డ్యూటీ దిగి గడ్డానికి వచ్చిన పెద్దమనిషి, మొహం నిండా నురగ.

"నిమ్మకాయ వాసనొస్తోంది బాబాయ్."

"అది నా సబ్బు. నత్త సంగతి చెప్పు!"

"ఈ కొట్టులో నత్త కాదు, ఏనుగు చచ్చినా నిమ్మకాయ వాసనే వస్తుంది."

నత్తను నీళ్ళలో వదిలి, ఉసూరుమంటూ కత్తి పట్టాడు. మనసు మనసులో లేదేమో, చెంప మీద కాస్త గీరుకుంది. అలవాటుగా పటిక ముక్క తడిపి రుద్దాడు.

"అమ్మో, మంట! మొహమంతా బిగదీసుకుపోయింది!" అన్నాడు కండక్టరు.

బాబాయ్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భార్య వచ్చేసరికి అక్వేరియం అద్దంలా ఉండాలని, కలకబారిన నీళ్ళలో మొన్న తిప్పింది ఈ పటికనే కదూ! బిందెలో నీళ్ళు తేర్చుకున్నట్టే అనుకున్నాడు. అది నీళ్ళలో ఏదో వెయ్యడం కిందికే వస్తుందని ఆయనకు తట్టనే లేదు.

"నా చేతులు విరగ! నీళ్ళని తేర్చి దాని మొహం బిగదీశాను!"

సగం గడ్డంతో కండక్టరు, చెంబుతో బాబాయ్, ఇద్దరూ అక్వేరియం మీద పడ్డారు. కుళాయి నీళ్ళు పట్టీ పట్టగానే పొయ్యకూడదని దుకాణం అతను ఎప్పుడో చెప్పాడు. నిన్న పట్టి ఉంచిన బకెట్టు ఉండబట్టి సరిపోయింది. కాసిని మంచినీళ్ళు బేసిన్‌లో పోసి నత్తను అందులో పెట్టారు. దుకాణం అతనికి మళ్ళీ ఫోను చేస్తే, "పటికా! నీళ్ళు పుల్లబడతాయి బాబాయ్, గుల్లని తినేస్తాయి. చేపల నీళ్ళు కూడా కొంచెం కొంచెంగా మార్చు" అని తిట్టినంత పనిచేశాడు.

గడ్డం పూర్తయినా కండక్టరు ఇంటికి కదల్లేదు. సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో సంచీతో ఆవిడ.

"బేసిన్‌లో ఎందుకుంది?"

బాబాయ్ అంతా చెప్పేశాడు, పరుగుల అబద్ధంతో సహా. ఆవిడ సంచీ కింద పడేసి, నత్తను తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బతికే ఉంది. పాచి వాసన, అంతే." మెల్లిగా నీళ్ళలో పెట్టింది. "మీ ముక్కు పనిచేసుంటే ఈ పాచి వాసనకే చచ్చిందనుకుని పారేసేవారు. నయం, అది పనిచెయ్యదు."

బాబాయ్ ఆవిడ వైపు తిరిగాడు. "నీకు... తెలుసా?"

"ఫ్లాస్కు మూత తియ్యకముందే 'అబ్బ, కాఫీ ఘుమఘుమ' అంటే తెలీదా? అంత ముచ్చటగా చెప్తుంటే ఆపబుద్ధి కాలేదు."

"కదిలింది!" కండక్టరు కేక పెట్టాడు.

మూత కొంచెం తెరుచుకుంది. ముందు మెత్తటి పాదం, ఆనక ఒక మీసం, కాసేపటికి రెండోది. ఎక్స్‌ప్రెస్ బేసిన్ అంచు వైపు బయల్దేరింది. ఆవిడ బేసిన్ మీదికి వంగి, చెల్లెలికి పాప పుట్టిందని దానికే ముందు చెప్పింది. బాబాయ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. సంతోషం పట్టలేక కండక్టరు దగ్గర గడ్డం డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆవిడ సంచీలోంచి ఫ్లాస్కు తీసి మూత విప్పింది. అలవాటుగా నోరు తెరవబోయి బాబాయ్ ఆగాడు. కప్పు మొహం దగ్గర పెట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి అడిగాడు.

"వాసనెలా ఉందో నువ్వు చెప్పు."

"కాస్త మాడింది. దారిలో హోటల్లో పోయించింది కదా."

"అబ్బ," అన్నాడు బాబాయ్ కళ్ళు మూసుకుని, "ఇంకా చెప్పు."