కుర్చీ మర్యాద

నూలు మిల్లులో ఆమెను అందరూ బొంగరం అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. రెండు పొడవాటి యంత్రాల మధ్య సందులో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ, పోగు తెగిన చోట వేలి కొసతో అతికేసి ముందుకు సాగిపోవడం ఆమె పని. ఒకచోట నిలబడితే ఇంకోచోట నాలుగు పోగులు తెగి కూర్చుంటాయి. అలా వయసంతా నడిచింది. నడుస్తూనే నవ్వేది, నడుస్తూనే పోట్లాడేది. ఏ పిల్లది ఏ షిఫ్టు, ఎవరి బిడ్డకి జ్వరం, ఏ యంత్రం ఏ మూల మొరాయిస్తుంది, అన్నీ నాలుక చివరే ఉండేవి. సూపర్‌వైజరు కూడా ఏదైనా మరిచిపోతే "బొంగరాన్ని అడగండి" అనేవాడు.

అలాంటి మనిషిని కన్నకొడుకు ప్రేమకొద్దీ కూర్చోబెట్టాడు. తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

అసలు మనకొక జబ్బు ఉంది. ఎవరినైనా గౌరవించాలంటే ముందు కూర్చోబెడతాం. పెద్దవారు మీరు కూర్చోండి, మీకెందుకండీ శ్రమ, మేమున్నాం కదా, మీరలా కూర్చోండి. కాళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్న మనిషికి అంతకు మించి ఏం మర్యాద చెయ్యాలో మనకి తోచదు. కూర్చున్నవాళ్ళు ఏమైపోతున్నారో వంగి చూసే తీరికా ఉండదు.

ఆమె మిల్లు మానేసిన రోజున కొడుకు ఒక పెద్ద కుర్చీని మూడో అంతస్తుకి మోయించుకొచ్చాడు. మీట నొక్కితే వెనక్కి వాలుతుంది, కాళ్ళ కింద పలక పైకి లేస్తుంది. దాన్ని ముందుగదిలో కిటికీ పక్కన వేసి, "అమ్మా, ఇవాళ్టి నుంచి నువ్వు కాలు కింద పెట్టడానికి వీల్లేదు" అన్నాడు. అంటుంటే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు షిఫ్టు దిగి వచ్చిన తల్లి పాదాలు వాచి ఉంటే వాడే ఒత్తేవాడు. పెద్దయ్యాక అమ్మని కూర్చోబెట్టి చూసుకోవాలని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు కొడుకంటే వీడేనన్నారు. బొంగరం కూడా మురిసిపోయింది. అబద్ధమెందుకు, కుర్చీ మెత్తగానే ఉంది.

కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. మంచి పిల్ల. అదే వచ్చిన చిక్కు. గయ్యాళిదైతే అత్తగారి చేత గిన్నెలైనా తోమించేది. ఈ పిల్ల నీళ్ళగ్లాసు దగ్గర్నుంచి దువ్వెన దాకా చేతికి అందించేది. "మీరు లేవకండి అత్తయ్యా" అన్న మాట ఆ ఇంట్లో గోడగడియారం కన్నా ఎక్కువసార్లు వినపడేది. బజారుకి వెళ్తానంటే వద్దు, మెట్లు. బట్టలు ఆరేస్తానంటే వద్దు, నడుం. కిటికీలోంచి ఎదుటి గోడా, కింద సైకిళ్ళూ, పైన కాస్త ఆకాశం. ఆమె లోకం అంతే.

ఏడాది తిరిగేసరికి మాటలు జారిపోవడం మొదలైంది. చెంచా అనబోతే చెంచా రాదు. "అదే, అది, కలుపుతామే" అనేది. పక్కింటావిడ వచ్చి అరగంట కబుర్లు చెప్పి వెళ్ళాక, ఆవిడ ఎవరని కోడల్ని అడిగింది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు టీ పెట్టుకుందామని లేచి, పాలు పొయ్యి మీద పెట్టి మళ్ళీ కుర్చీలో వాలింది. గిన్నె మాడి బొగ్గయ్యాక గానీ వాసన తెలియలేదు. మరోరోజు పట్టుపట్టి కిందకి దిగి, తన వీధి మలుపులోనే ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయింది. చెప్పులు కుట్టే అతను ఇంటిదాకా తీసుకొచ్చి దిగబెట్టాడు.

"వయసు కదా" అన్నారు అందరూ. ఎంత తేలికైన మాట! దాన్ని అడ్డం పెడితే ఎవరూ ఇంకేం ఆలోచించక్కర్లేదు.

మర్నాటి నుంచి కొడుకు, కోడలు పనికి వెళ్తూ బయట తాళం వేసుకుపోయారు. "నీ మంచికేనమ్మా" అన్నాడు కొడుకు, తాళంచెవి జేబులో వేసుకుంటూ. ఆమె కష్టంతో కొన్న ఇల్లు అది. ఆమె తలుపు తెరుచుకుని బయటికి అడుగుపెట్టడానికి ఇప్పుడు కొడుకు ఆఫీసు వదలాలి. ఆ మధ్యాహ్నం తలుపు దగ్గర నిలబడి, గొళ్ళెం పట్టుకుని ఊపి ఊపి, చేతులు నొప్పి పుట్టాక వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కూర్చోవడం తప్ప ఇంకేం మిగల్చలేదు కదా.

తరవాత పెద్దాసుపత్రి. రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరమ్మ బొంగరం వైపు తిరిగి అయిదు మాటలు చెప్పింది: గొడుగు, నిచ్చెన, సబ్బు, కిటికీ, ఏనుగు. కాసేపు వేరే సంగతులు మాట్లాడి, ఆ అయిదూ మళ్ళీ చెప్పమంది. బొంగరానికి ఒక్క కిటికీ గుర్తుంది. రోజంతా చూసేది అదే మరి.

"రోజంతా ఏం చేస్తారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

బొంగరం నోరు విప్పేలోపే కొడుకు అందుకున్నాడు. "ఏమీ చెయ్యనివ్వం డాక్టరుగారూ. కాలు కింద పెట్టనివ్వం. మహారాణిలా చూసుకుంటున్నాం."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"మిల్లులో షిఫ్టంతా నడిచేది. అది మానేసిన దగ్గర్నుంచీ." ఇంకా గర్వంగానే చెబుతున్నాడు పాపం.

"ముప్పొద్దులా నడిచిన మనిషిని ఉన్నట్టుండి కుర్చీకి కట్టేశారన్నమాట. చూడండి, మెదడులో జ్ఞాపకాల్ని కుదిర్చి పెట్టే చిన్న భాగం ఒకటుంటుంది. వయసుతో అది కుంచించుకుపోతుంది. రోజూ కాస్త వేగంగా నడిచే పెద్దవాళ్ళలో అది నిలదొక్కుకుంటోందనీ, కొందరిలో కొంచెం పెరిగిందనీ పరిశోధనలు చేసినవాళ్ళు చెబుతున్నారు. ఒళ్ళు కదిలితే తలకి రక్తం బాగా అందుతుంది. మెదడు కణాలకి ఎరువులాంటి పదార్థాలు తయారవుతాయి. మీరు ఆ ఎరువు ఆపేశారు."

"అయితే నడిస్తే తగ్గిపోతుందా?"

"ఆ మాట నేనివ్వలేను. ఇందులో వయసు పాలెంతో, కుర్చీ పాలెంతో ముందు తేలాలి కదా. ఆరు నెలలు నడిపించండి. నలుగురితో మాట్లాడనివ్వండి. మళ్ళీ తీసుకురండి, అప్పుడు చూద్దాం."

ఆటోలో బొంగరం కొడుకు వైపు చూడకుండా అంది. "ఆవిడ అడిగింది నన్ను. కాళ్ళు కూర్చోబెట్టావు సరే, నోరు కూడా కూర్చోబెట్టాలా?"

ఇక మనవాడు ఏం చేశాడో వినండి. డాక్టరు మాట దాటకూడదు, అమ్మని కష్టపెట్టకూడదు. రెండూ కలిసొచ్చేలా ఒక యంత్రం కొనుక్కొచ్చాడు. కుర్చీ ముందు నేల మీద పెట్టి, అందులో పాదాలు దూర్చి, మీట నొక్కితే అదే కాళ్ళని గడగడా ఆడిస్తుంది. మనిషి కూర్చునే ఉండొచ్చు! "చూశావా అమ్మా, కదలకుండానే వ్యాయామం" అన్నాడు. ఇంత తెలివిని ఏ అటకమీద దాచిపెట్టాడో ఇన్నాళ్ళూ. బొంగరం మోకాళ్ళు ఆడుతుంటే, దవడలు ఆడుతుంటే, కిటికీ అవతలి గోడ కూడా ఆడుతున్నట్టుంది. బయట తాళం మాత్రం కదల్లేదు.

దాన్ని కదిలించింది సైరన్ అనే ఆవిడ. మిల్లులో బొంగరం పక్క సందులో పనిచేసేది. షిఫ్టు కూత కన్నా ముందు ఆమె గొంతు వినపడేది కాబట్టి ఆ పేరు వచ్చింది. స్నేహితురాల్ని చూద్దామని ఒక మధ్యాహ్నం వచ్చి, తలుపుకి వేలాడుతున్న తాళం చూసింది. లోపలి నుంచి గడగడమని చప్పుడు.

"ఏమే, లోపలున్నావా?"

"ఉన్నానే. తాళంచెవి వాడి జేబులో ఉంది."

"ఏం దొంగతనం చేశావే నువ్వు?" అని సైరన్ వేసిన కేకకి మూడంతస్తుల తలుపులూ తెరుచుకున్నాయి. కొడుకు వచ్చేదాకా ఆమె మెట్లమీంచి లేవలేదు. అరుపూ ఆపలేదు. జనం ముక్కున వేలేసుకుని చూస్తుంటే మెట్లెక్కి వచ్చిన కొడుక్కి తల కొట్టేసినట్టయింది.

"మళ్ళీ దారి తప్పితే? ఏ బండి కిందో పడితే ఎవరు పూచీ?" అన్నాడు. ఆ భయం నిజమే, కాదనలేం.

"రోజూ పొద్దున్నే నేనొచ్చి తీసుకెళ్తా. నేనే దిగబెడతా. ఇంకేం కావాలి నీకు?" అంది సైరన్.

"సరే పిన్నీ. తాళంచెవి మాత్రం డాక్టరు సరే అన్నాకే ఇస్తాను."

మొదటివారం నరకం. రెండు అంతస్తులు దిగేసరికి బొంగరానికి మోకాళ్ళు పట్టేశాయి. వీధి చివరికి వెళ్ళేసరికి ఆయాసం. ఒకప్పుడు మిల్లులో తనని అందుకోలేక ఆయాసపడిన సైరన్ ఇప్పుడు ముందు నడుస్తూ, "రావే బొంగరం, తాడు చుట్టాలా?" అని ఎగతాళి చేస్తుంటే ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపంతోనే వీధి మలుపు దాటింది. పోను పోను పార్కు చుట్టూ ఒక చుట్టు, తరవాత రెండు. ఆయాసం తగ్గాక సైరన్ కొత్త ఆట మొదలుపెట్టింది. మిల్లులో మొదటి యంత్రం దగ్గర్నుంచి వరుసగా ఎవరెవరు పనిచేసేవారో చెప్పమనేది. బొంగరానికి మొదట్లో ముగ్గురు దొరికారు. నెలలు గడిచేకొద్దీ సందులు ఒక్కొక్కటే నిండాయి. నత్తి పిల్ల వచ్చింది, కవలలిద్దరూ వచ్చారు. కోడలు ఒకరోజు చెంచా కోసం వెతుకుతుంటే, "చెంచా గూట్లో ఎడమ పక్కన ఉంది" అని చెప్పింది అత్తగారు. ఆ పిల్ల చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాలుగో యంత్రం దగ్గర మాత్రం ఖాళీ. అక్కడ పనిచేసిన మనిషి ముఖం తెలుసు. పద్దెనిమిదేళ్ళ బొంగరం చేతిని తన చేతిలో పట్టుకుని, తెగిన పోగుని ఎలా అతకాలో నేర్పిన మనిషి. ఆమె పోయినప్పుడు తన తల్లి పోయినంతగా ఏడ్చింది. పేరు రావడం లేదు. చివరికి సైరన్ ఆ పేరు చెప్పేసింది. బొంగరం రెండుమూడుసార్లు పైకి అనుకుని చూసింది. ఎవరో కొత్తమనిషి పేరులా ఉంది.

ఆరు నెలల తరవాత డాక్టరమ్మ మళ్ళీ అయిదు మాటలు ఇచ్చింది. కొడుకు నోరు తెరవబోతే బొంగరం చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగు మాటలు చెప్పింది. తాళంచెవి ఆమెకి ఇవ్వొచ్చా అని కొడుకు అడిగాడు. "వయసు పాలు కొంత ఉంటుంది. నడక ఆపకండి. తలుపు తాళం సంగతి ఇక నన్ను అడక్కండి, ఆమెనే అడగండి" అంది డాక్టరమ్మ కొడుకుతో. సరేనన్నాడు. ఇంటికొచ్చాక, "ఈ ఆదివారం మావయ్య వస్తున్నాడటమ్మా. ఆయన వెళ్ళాక ఇస్తాను" అన్నాడు. ఆమె అన్నగారు అప్పటికే ఫోనులో చివాట్లు పెట్టాడు మరి. చెల్లెల్ని రోడ్ల మీద తిప్పుతున్నాడని ఆయన చెవిన ఎవరో వేశారు.

ఆదివారం ఆయన మూడంతస్తులెక్కి, రొప్పుతూ వచ్చి ఆ కుర్చీలో కూలబడ్డాడు. వెనకాలే బొంగరం కూరగాయల సంచితో పైకొచ్చి, ఆయన చేతికి నీళ్ళిచ్చింది.

"ఏరా, సిగ్గులేదూ? ఈ వయసులో దీని చేత మెట్లెక్కిస్తావా? ఒకచోట కూర్చోబెట్టి ఇంత అన్నం పెట్టలేవా?" అన్నాడు అన్నగారు.

ఎదురుగా బల్ల మీద కూర్చున్న కొడుకు తల దించుకున్నాడు. "నేను చెబుతూనే ఉన్నాను మావయ్యా. అమ్మా, ఈ ఒక్కరోజుకి కూర్చోమ్మా."

అంతే. బొంగరం ఒంటికాలి మీద లేచింది.

"కూర్చున్నాను అన్నయ్యా! ఏడాది పైగా కూర్చున్నాను. చెంచా పోయింది, వీధి పోయింది, తలుపు పోయింది. అందరూ వయసన్నారు. ఒక్కరైనా లేవమన్నారా? చాలావరకు కాళ్ళరిగేలా నడిచి తెచ్చుకున్నాను. నా చెయ్యి పట్టుకుని పని నేర్పిన తల్లి పేరు మాత్రం తెచ్చుకోలేకపోయాను, సైరన్ చెప్పినా పరాయిగానే ఉంది. ఆ పేరు నాకెవరిస్తారు? నువ్విస్తావా? వీడిస్తాడా? ఈ కుర్చీ ఇస్తుందా?"

అన్నగారు గ్లాసు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. కొడుకు ముఖం వాడు చిన్నప్పుడు పాదాలు ఒత్తేటప్పుడు ఎలా ఉండేదో అలా అయిపోయింది.

"అదీ వస్తుందిలే అమ్మా" అన్నాడు చివరికి. "కూర్చో, కూర్చుని మాట్లాడుకుందాం."

"నువ్వు లే" అంది బొంగరం.

వాడు లేచాడు. ఆమె చెయ్యి చాపింది. వాడు జేబులో వెతికి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. "లే అన్నయ్యా, నువ్వు కూడా. అమ్మాయ్, పొయ్యి కట్టేసి రా" అంది, వంటింట్లో ఉన్న కోడలికి వినపడేలా. అన్నగారు గొణుక్కుంటూనే, చేతులానించి పైకి లేచాడు. నలుగురూ గుమ్మం దాటాక ఆమె తలుపు లాగి, తనే తాళం వేసి, తాళంచెవి పిడికిట్లో బిగించుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. లోపల కుర్చీ ఒక్కటే ఉండిపోయింది.